కళ్లు మూసుకుని కొనే కొట్టు

మా బావ ఏది కొన్నా కళ్లు మూసుకునే కొంటాడు. మాటవరసకు అనడం లేదు, నిజంగానే మూసుకుంటాడు. ఉల్లిపాయలైనా చెప్పులైనా ముందు రెప్పలు వాలుస్తాడు, తరవాత చేత్తో తడుముతాడు, ఆ పైనే బేరం.

ఇంట్లో కంచం ముందు కూర్చున్నా అదే తంతు. "నా మొహం చూడలేకేనా ఆ కళ్ల మూత?" అని మా చెల్లెలు దెప్పని పూట లేదు.

అతనిది గుండీల కొట్టు. ఖాతాదారులకూ ఈ పిచ్చి అంటించాడు. చొక్కాకి గుండీలు అడిగితే పళ్లెంలో గుప్పెడు పోసి, "ఊఁ, కళ్లు మూయండి. చేత్తో ఎంచండి" అంటాడు. పెద్దమనుషులంతా కళ్లు మూసుకుని పళ్లేలు కెలుకుతుంటే, కొత్తగా వచ్చినవాళ్లు ప్రార్థన జరుగుతోందనుకుని గుమ్మంలోనే చెప్పులు విప్పేవారు.

"ఎందుకయ్యా ఇదంతా?" అంటే, "చెయ్యి అబద్ధం చెప్పదు బావా" అనేవాడు.

ఆ కొట్టుకు పాత ఖాతా దర్జీ పిన్ని. కుట్టుపనే ఆవిడ కూడు. ఏ గుడ్డకు ఏ గుండీయో తానే ఎంచాలి, ఇంకొకరి ఎంపిక ఒప్పదు. ఆవిడ ఊరి ఆ చివర కూతురింటికి మారి, రావడం మానేసిందో లేదో, బావకు ఆన్‌లైన్ కొట్టు పెట్టాలన్న పట్టుదల పుట్టింది. బేరం పోతుందని బెంగ కాబోలనుకున్నాను.

వెబ్‌సైటు కట్టేవాళ్లను వెతికే పని నాకప్పగించాడు. అప్పగించడూ మరి! నేను చదివింది పల్లెటూరి బడిలోనే. అయినా వర్తక సంఘానికి రెండు దఫాలు అధ్యక్షుణ్ణి. కొట్టున్న వీధికి దీపాలు తెప్పించింది నేను. గుంతలు పూడ్పించింది నేను. గుంతలు లేవని రాసిన అధికారిని తీసుకొచ్చి వాటిలో నిలబెట్టిందీ నేనే.

మొదట వచ్చినవాడు ల్యాప్‌టాప్ తెరిచాడు. తెర మీద గుండీలు గిరగిరా తిరిగాయి. బావ కళ్లు మూసుకున్నాడు.

"నిద్రొస్తోందా సార్?"

"లేదు నాయనా. ఇప్పుడు అమ్ము."

"చూడకుండా ఎలా కొంటారు సార్?"

"అదే నేనూ అడుగుతున్నా."

రెండోవాడు గడుసువాడు. తెర మీద ఉన్నది ఫోనే చదివి వినిపిస్తుందని చెప్పి నొక్కాడు. ఫోను "బొమ్మ. బొమ్మ. బొమ్మ. బొమ్మ" అంది.

"ఇన్ని బొమ్మలున్నాయి, ఒక్క గుండీ లేదేం నాయనా?" అన్నాడు బావ.

ఆ పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచి, "మీ బావగారికి ఒంట్లో బాగానే ఉంటుందా అండీ?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. సంఘాధ్యక్షుడు వినవలసిన మాటా అది!

మూడోసారి ఒకమ్మాయి వచ్చింది. బావ కళ్లు మూసుకోగానే తనూ మూసుకుని పళ్లెంలో చెయ్యి పెట్టింది.

"నాలుగు రంధ్రాలు. అంచు ఎత్తు, మధ్యలో పల్లం. వెనక నున్నగా ఉంది. బొమ్మ వెనకాల ఈ మాటలన్నీ రాసిపెడితే ఫోను ఇవే చదువుతుంది సార్. ఇంతకీ మీ ఖాతాదారుల్లో చూపు ఆననివాళ్లు ఎవరు?"

బావ కళ్లు తెరిచాడు. బేరం మధ్యలో అతను కళ్లు తెరవగా చూడడం నాకదే మొదలు.

"మెల్లగా అమ్మా! మా దర్జీ పిన్నికి చూపు తగ్గి ఏళ్లయింది. తడుముకోవడం ఎవరైనా చూస్తే పని ఇవ్వరని ఆవిడ భయం."

కొట్టంతా కళ్లు మూసుకుని తడుముతుంటే, కనపడక తడిమేది ఎవరో ఎవరికి తెలుస్తుంది?

"మరి ఇంట్లో కూడా ఎందుకయ్యా?" అన్నాను.

"ఒక్క కొట్లోనే మూసుకుంటే అనుమానం రాదూ బావా!"

ఆ అమ్మాయిని అక్కడికక్కడే పనిలో పెట్టాను. నేనే పెట్టాను, ఇదీ లెక్కలో వేసుకోండి. ఆన్‌లైన్ కొట్టు తెరిచిన రోజు మొదటి బేరం పిన్నిదే. వెంటనే ఫోను కూడా చేసింది. చూపు సంగతి ఇప్పుడావిడే చెప్పుకుని నవ్విస్తోంది గనుక నేనూ రాస్తున్నాను.

"ఏమయ్యోయ్, నీ కొట్టు భలే మాట్లాడుతోంది! ఎవర్నీ అడక్కుండా నేనే ఎంచుకున్నా. ధర దగ్గరికొచ్చేసరికి మాత్రం మరీ గట్టిగా అరుస్తోంది. తగ్గించు."

"గొంతా, ధరా పిన్నీ?"

"రెండూనూ!"

బావ కళ్లు మూసుకుని రెండూ తగ్గించాడు.