సిద్దయ్య కాలి పట్టీ

సింహాద్రిపురం గొర్రెల కాపరి సిద్దయ్య తాగుడు మానే చికిత్సలో చేరాడు. పరిశోధన చేసే డాక్టర్లు చెమటలో సారా జాడ పట్టే పట్టీ ఒకటి అతని కాలికి కట్టారు. ఎన్నికల వేళ అది చూసి, అవతలి వర్గంతో పాత కక్షలున్న అతని ఫ్యాక్షన్ నాయకుడికి అనుమానమొచ్చింది.

“మా ఆనుపానులు ఎవురికి చెప్తాండావురా?”

“నేను తాగితే ఇది డాక్టర్లకు చెప్తాదప్పా, అంతే.”

“అయితే తాగి చూపీ!”

సీసా చేతిలో పెట్టారు. చుట్టూ కొడవళ్లు. తాగకుంటే నరుకుతారు. తాగితే మళ్లీ పాత సిద్దయ్యే.

అతను సీసాను పట్టీ మీదికి వంచాడు. పట్టీలో ఎర్ర దీపం వెలిగింది. కాసేపటికే సిద్దయ్య ఫోన్ మోగింది.

“సిద్దన్నా, తాగినావా?” ఆస్పత్రి నర్సు గొంతు అందరికీ వినిపించింది.

నాయకుడే ఫోన్ అందుకున్నాడు.

“తాగల్యా తల్లీ. తప్పు మాదే.”