నా రక్తం చెప్పిన సాక్ష్యం

నాది పెద్ద గుండె అని మా అవ్వ మెచ్చుకునేది. అరవై దాటాక హిందూపురంలో తీసిన స్కానింగులో ఆ మాట రుజువైంది. గుండె నిజంగానే పెద్దదైంది, దాని వాల్వు కారుతోంది, గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం ఉబ్బింది. రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ కారణం చెప్పింది: సిఫిలిస్.

పెళ్లికి ముందు, చీరల మూటతో ఊళ్లు తిరిగే రోజుల్లో వచ్చిన పుండు అది. పెనుకొండలో ఎవరో ఇచ్చిన పూతమందు రాస్తే మానింది. పోయిందనుకున్నాను. పోయింది, లోపలికి. దీన్ని సుఖవ్యాధి అంటారు. ఆ సుఖమేమిటో నాకిప్పుడు గుర్తు లేదు గానీ, వ్యాధి మాత్రం నన్ను మరిచిపోలేదు.

"మీ ఇంటామెకూ పరీక్ష చేయాల. కాన్పులేమైనా పోయినాయా?" అని డాక్టరమ్మ అడిగింది.

రెండు పోయాయి. బిడ్డలిద్దరూ కడుపులోనే పోయారు. తర్వాత ఇక కలగలేదు. తప్పు నా భార్యదేనన్నారు ఇంట్లో. సీమంతాలలో ఆమెను గాజులు తొడగనివ్వరు, వంటింటికి పంపుతారు. ఇన్నేళ్లూ నేను నోరు మెదపలేదు.

ధర్మవరంలో మా మగ్గం మీద ఇద్దరం పక్కపక్కనే కూర్చుంటాం, అంచు దారాన్ని అటూ ఇటూ నడిపే నాడె ఆమెది. అక్కడే అంతా చెప్పాను. నాడె ఆగిపోయింది. మూడు రోజులు ఆమె మగ్గం దగ్గరికి రాలేదు. పరీక్షలో ఆమె రక్తంలోనూ అదే తేలింది. ఇద్దరికీ వారానికొకటి చొప్పున మూడు వారాలు సూదులు వేశారు. ఆఖరి సూది నాడు నా భార్య అంది:

"నన్ను అందరూ అంటాంటే ఇన్యావు గదా. ఇప్పుడు నువ్వు చెప్పు, వాళ్లు ఇంటారు."

ముదిగుబ్బలో మా అన్న కోడలి సీమంతం వచ్చింది. అందరి ముందూ చెప్తానని అన్నకు ముందే చెప్పి ఉన్నాను; గడపలోనే నన్ను పక్కకు లాగాడు.

"గుండెజబ్బని చెప్పుకోప్పా, చాలు. దానికి మర్యాద ఉండాది."

"నా మర్యాద ఆ వాల్వులోంచే కారిపోయిందిలేన్నా."

నా భార్యను ఎప్పటిలాగే వంటింటికి పంపారు; నేను లోపలికి వెళ్లి అందరి ముందూ నిలబడ్డాను. "మా బిడ్డలు పోయింది నా పెండ్లాం వల్ల కాదు. నా రోగం వల్లే అయ్యుంటాదని డాక్టరమ్మ చెప్పింది. రోగం పేరు కూడా చెప్తా, ఇనండి." చెప్పాను.

వదిన మండిపడింది. "ఏమబ్బా, ఆడోళ్ల మధ్య ఇవేం మాటలు?"

"ఆడోళ్ల మధ్యనే గదా వదినా, ఇన్నేండ్లు ఆమెను అన్యారు."

నా భార్య వంటింట్లోంచి వచ్చింది. తడిచేతులు కొంగుకు తుడుచుకుని, ఎవరినీ అడక్కుండా గాజుల పళ్లెం ముందు కూర్చుంది. కోడలు అత్త ముఖం చూడలేదు, చేయి చాపింది.

"మెల్లగా చిన్నత్తా, బిగుతుగా ఉండాయి."

"ఊరికే ఉండమ్మీ, నాకు తెలీదా? ఆ చెయ్యీ ఇయ్యి."