చుక్క ఉన్న వైపు

మొన్న ఆదివారం ఢిల్లీ పక్కన వైశాలిలోని మా ఫ్లాటులో బాల్కనీ కిటికీ బాగుచేయడానికి ఒకతను వచ్చాడు. అల్యూమినియం చట్రానికి రంధ్రం చేసే ముందు, దగ్గుమందు సీసాలో తెచ్చుకున్నదేదో డ్రిల్లు మొన మీద కొంచెం ఒంపాడు. వంటింట్లో ఉన్న నాకు వాసన తగిలింది. వేడెక్కిన అల్యూమినియం మీద కిరోసిన్. "మిట్టీ కా తేల్ హై నా, భయ్యా?" అని అడిగాను. "హా సర్," అంటూ, ఈ కంప్యూటర్ మొహానికి ఇదెలా తెలిసిందన్నట్టు చూశాడు. నా అంతట నాకు తెలియలేదు, ఒకాయన నేర్పారు. నేర్పినందుకు ఆయనకు నేను చేసిన మర్యాద గురించే ఇదంతా రాయడం.

ఆయన పేరు అప్పారావు. బెజవాడలో లోహం చెక్కే లేత్ మెషీన్ పని నేర్చుకుని, పదేళ్లు అక్కడే చేసి, సాహిబాబాద్‌లోని ఒక చిన్న కార్ఖానాలో ఇరవై ఏళ్లుగా పాతుకుపోయిన మనిషి. అక్కడ అందరూ ఆయన్ని మాస్టర్‌జీ అనేవాళ్లు, నేను మాస్టారూ అనేవాణ్ణి. కొత్త ఇంజనీరింగ్ పట్టాతో, ఆర్నెల్ల ప్రొబేషన్ మీద, డ్రాయింగులు గీసే ఉద్యోగంలో నేను చేరాను. ఆయనది లేతు, నాది రోజూ లేటు. అంతకు మించి మా ఇద్దరి వృత్తులకూ పోలిక లేదు. నా మొదటి డ్రాయింగు చూసి ఆయన కళ్లజోడు పైకి నెట్టుకున్నారు. ప్రతి కొలతకూ వెంట్రుకలో సగం తేడా కూడా రాకూడదని రాశాను మరి. "బాబూ, ఇది నేను చేస్తే సరిపోతుందా, లేక దేవుణ్ణి పిలిపించాలా?" అన్నారు. షెడ్డంతా నవ్వింది. కొలతలో ఎంత తేడా ఒప్పుకోవచ్చో చెప్పే టాలరెన్సును ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో ఆ సాయంత్రమే కూర్చోబెట్టి చెప్పారు. కాగితం మీద టాలరెన్సు అప్పుడు వచ్చింది. మనిషికి రావలసిన సహనం ఆయన దగ్గరే ఉండిపోయింది.

ఆయన పనితీరులో రెండు విషయాలు నాకు వింతగా ఉండేవి. పని పూర్తయిన ప్రతి ముక్క అంచుల మీద దూదిపోగు ఒకటి లాగేవారు. ఎక్కడైనా గరుకుకు పోగు చిక్కుకుంటే పని పూర్తి కానట్టే. రెండోది చుక్క. ఏ ముక్కకైనా ముఖాలు చదును చేశాక, డ్రాయింగు గీసినవాణ్ణి పిలిచి సుత్తి, మొనదేలిన పంచ్ చేతికిచ్చేవారు. బొమ్మ ఏ వైపు నుంచి చూసి గీశాడో ఆ వైపున గీసినవాడే చుక్క కొట్టాలి. "కోసేది నేను. ఎటు నుంచి కొయ్యాలో చెప్పాల్సింది నువ్వు. చెప్పిన మాట ఇనుము మీద ఉండాలి, గాల్లో కాదు," అనేవారు.

మా యజమానికి ఒక పాత కారు ఉండేది. గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజిన్‌కు అందించే దాని కార్బురేటర్ పాడైపోయింది. అలాంటిది ఢిల్లీలో ఎంత వెతికినా దొరకలేదు. వేరే బండిది ఒకటి కొన్నాడు గానీ దాని రంధ్రాలకూ ఇంజిన్ రంధ్రాలకూ పొంతన లేదు. రెండిటి మధ్యా కూర్చునే అల్యూమినియం పలక ఒకటి ప్రత్యేకంగా చేయాలి. ఆ ఆదివారమే పాత కార్ల ఊరేగింపు. బండి వస్తోందని స్నేహితులందరికీ అప్పటికే చెప్పుకున్నాడు. డ్రాయింగు నాకు, పని మాస్టారికి అప్పజెప్పాడు. "ఇది సంబంధం కుదిర్చే పని బాబూ," అన్నారు మాస్టారు. "మధ్యలో ఉన్నవాడు అటువాళ్లకీ ఇటువాళ్లకీ ఒకటే మాట చెప్పాలి. తేడా వచ్చిందా, పీటల మీదే గొడవ."

నేను కార్బురేటర్ అడుగుభాగానికి కాగితం అదిమి, పెన్సిల్‌తో రుద్ది, పడిన ముద్రను ఉన్నదున్నట్టు డ్రాయింగులోకి ఎక్కించాను. మాస్టారు దాన్ని చాలాసేపు చూశారు. "ఇది పై నుంచి చూసిందా, కింద నుంచా?"

"పై నుంచే మాస్టారూ."

"మళ్లీ ఒకసారి చూసుకో."

"చూశాను మాస్టారూ, డ్రాయింగులో ఉంది కదా!"

చూడలేదు. సుత్తి తీసుకుని పై ముఖం మీద చుక్క కొట్టాను. చెయ్యి జారి పక్కనే ఇంకొకటి పడింది. "ఒకటి అడిగితే రెండిచ్చావు, దొడ్డ మనసు," అని నవ్వారాయన. శుక్రవారమంతా కిరోసిన్ కుంచెతో అద్దుకుంటూ ఆ పలకను చెక్కారు. దూదిపోగు ఎక్కడా ఆగలేదు.

శనివారం సాయంత్రం పలకను ఇంజిన్ మీద బిగించారు. దాని మీద కార్బురేటర్ కూర్చోలేదు. రంధ్రాలన్నీ అద్దంలో చూసినట్టు కుడియెడమలు మారి ఉన్నాయి. నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. అడుగున అదిమిన కాగితం కింది నుంచి చూసిన బొమ్మ. నేను చుక్క కొట్టింది పైన.

"యే క్యా హై, అప్పారావ్?" అని అరిచాడు యజమాని. తర్వాత నా వైపు తిరిగాడు. "డ్రాయింగ్ ఠీక్ థా?"

అందరూ నన్నే చూస్తున్నారు, మాస్టారు కూడా. నేను నోరు తెరిచాను. "ఠీక్ థా, సర్," సరిగ్గానే ఉందన్నాను.

మాస్టారు పలకను విప్పి చేతిలోకి తీసుకున్నారు. ఆ జంట చుక్కల మీద బొటనవేలు ఆనించి నిలబడ్డారు. ఆ వంకర చుక్కలు ఎవరివో షెడ్డులో తెలియనిది యజమానికొక్కడికే. అందరూ ఎవరి మెషీన్ల వైపు వాళ్లు తిరిగారు. "బూఢా హో గయా తూ, ఆంఖే గయీ తేరీ," ముసలాడివయ్యావు, కళ్లు పోయాయి నీకు, అన్నాడు యజమాని. సోమవారం నుంచి మాస్టారిని మెషీన్ మీంచి తీసి స్టోరులో కూర్చోబెట్టాడు. ముప్ఫై ఏళ్లు లోహం కోసిన చేతులు చేతితొడుగులూ గుడ్డపీలికలూ పంచడం మొదలుపెట్టాయి.

రెండు వారాల తర్వాత టీ గ్లాసులు రెండు పట్టుకుని స్టోరు కిటికీ దగ్గరికి వెళ్లాను.

"మాస్టారూ, ఆ రోజు..."

"తొడుగులా? సైజు చెప్పు."

"తప్పు నాది మాస్టారూ."

"చుక్క ఎవరిదో నాకు తెలీదా బాబూ?"

"మరి మీరెందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్తావని ఆగాను. నోరు తెరిచావు కూడా. అబ్బ, చెప్పేస్తున్నాడ్రా కుర్రాడు అని మురిసిపోయా." టీ గ్లాసును నా వైపే నెట్టారు. "ఇప్పుడు నాకు చెప్తే ఏం లాభం? మాలిక్ గదికి పదహారు మెట్లు. ఎక్కి ఆయనతో చెప్పు."

ఆ పదహారు మెట్లూ నేను రోజూ ఎక్కేవాణ్ణి, డ్రాయింగుల మీద సంతకాల కోసం. ప్రొబేషన్ ముగియనీ అనుకున్నాను. ముగిసింది. జీతం పెరగనీ అనుకున్నాను. పెరిగింది. దీపావళి విందులో యజమాని, గుడ్డి మాస్టర్ పలకను తిరగేసి కోసిన కథ చెబుతుంటే అందరితోపాటు నేనూ నవ్వాను. కొంచెం ఎక్కువే నవ్వాను. స్టోరు తలుపు దగ్గర నిలబడి మాస్టారు మిఠాయి తింటున్నారు.

మూడేళ్లు ఆయన ఆ కిటికీ వెనకే ఉన్నారు. బజారు నుంచి కొత్త సామాను వస్తే అలవాటుగా అంచు మీద దూదిపోగు లాగేవారు. అది చిక్కుకునేది. దాన్ని అలాగే అరలో పెట్టేసేవారు. మానేసి వెళ్లిన రోజు గుడ్డపీలికలో చుట్టిన పొట్లం ఒకటి నా బల్ల మీద పెట్టారు. "నీ వస్తువు బాబూ. స్టోరు పుస్తకంలో దీనికి నంబరు లేదు," అని వెళ్లిపోయారు. పోయినేడు బెజవాడలో ఆయన పోయారని పాత సహోద్యోగి ఒకతను ఫోన్ చేసి చెప్పాడు. ఇక ఎక్కడానికి ఏ మెట్లూ లేవు.

ఇప్పుడు సాకేత్‌లోని ఆఫీసులో నాకు పెద్ద బల్ల, నా కింద ఎనిమిదిమంది. ఏ బొమ్మ తెచ్చినా "పై నుంచా, కింద నుంచా?" అని రెండుసార్లు అడుగుతాను. సార్ చాదస్తం అని వాళ్లు చాటుగా నవ్వుకుంటారని తెలుసు. ఆ పొట్లంలోని పలక నా కాగితాల మీద బరువుగా ఉంటుంది. ఏమిటిదని అడిగితే, పాత కారు భాగం అంటాను. పొద్దున్నే బల్ల తుడిచే దీదీ దాన్ని ఎత్తి, తోచిన వైపు పెట్టి వెళ్తుంది. నేను వచ్చి కూర్చోగానే ముందు దాన్ని చూస్తాను. చుక్కలు పైకి కనిపిస్తే, చుట్టూ ఒకసారి చూసి, తిరగేసి పెడతాను.