పాత రేవులో పదిరూపాయల బిళ్ళ

మా పాండురంగారావు మామయ్య నేలలోంచి ఒక నాణెం తవ్వితే, ఆ గోతిలో ఇంకో నాణెం పెట్టి కప్పిగాని అక్కణ్ణుంచి లేవడు. అణా తీస్తే రూపాయి పెడతాడు. తుప్పు పట్టిన అయిదు పైసలు తీసినా రూపాయే పెడతాడు. ముదినేపల్లి మొత్తం మీద డబ్బు పాతి డబ్బు తవ్వుకునే వ్యవసాయం చేసే మనిషి ఆయనొక్కడే. గిట్టుబాటు గురించి మాత్రం అడక్కండి. వరిలో ఎంత గిట్టుతోందో ఇందులోనూ అంతే.

అసలు ఆ మెటల్ డిటెక్టర్ మిషన్ ఇంటికొచ్చిన రోజే మా జ్ఞానప్రసూనాంబ అత్తయ్యకి అనుమానం వచ్చింది. దాళ్వా కోతలైపోయి, ధాన్యం అమ్ముడై, మామయ్య అరుగు మీద ఫోను చూసుకుంటూ కూర్చునే రోజులవి. ఫోనులో ఎవరో దొర పొడుగాటి కర్రకి పళ్ళెం తగిలించి, దాన్ని పొలంలో ఊపుకుంటూ పోయి రాజుల కాలం నాటి బంగారు కాసు తీశాడట. వారం తిరక్కుండా అలాంటి కర్రే పార్సిల్‌లో దిగింది.

"ఏవండీ, ఇది గడ్డి కోస్తుందా?" అంది అత్తయ్య.

"కొయ్యదు."

"పోనీ, పురుగుమందు కొడుతుందా?"

"కొట్టదు."

"మరేం చేస్తుందండీ?"

"కూస్తుంది."

"కూతకోసమా ఇంత డబ్బు పోశారు? మనింట్లో కుక్కరు కూయట్లేదూ!"

మామయ్య చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. ఆ మిషన్ వల్ల మొదటి లాభం అదేనని తరవాత నాతో చెప్పాడు.

ఇక మొదటిసారి వేటకెళ్ళిన వైభోగం చెప్పాలి. పెరట్లో పెడితే కుయ్యి. గట్టు మీద పెడితే కుయ్యి. పశువుల పాక దగ్గర కుయ్యి. మామయ్య కళ్ళు మెరిసిపోయాయి. "అల్లుడూ, మనం ఒక నిధి మీద కాపురం ఉంటున్నాం రా" అన్నాడు. పెరడంతా తవ్వించాడు. అత్తయ్య బెండ మొక్కలు పోయాయి, కరివేపాకు చెట్టు ఒరిగింది, ఒక్క చిల్లు కానీ కూడా బయటపడలేదు. మిషన్ పాడైందనుకుని ఏలూరు పట్టుకెళ్ళాం. అక్కడ ముబారక్ గారని, రేడియోల కాలం నుంచి రిపేర్ల కొట్టు నడుపుతున్న పెద్దాయన. ఆయన మిషన్‌ని అటూ ఇటూ తిప్పి, మామయ్యని కింద నుంచి పైకి ఒకసారి చూసి, "చెప్పులు విప్పండి" అన్నాడు.

విప్పితే కూత ఆగిపోయింది. కైకలూరులో కుట్టించుకున్న తోలు చెప్పులు, అడుగున వరసగా ఇనప మేకులు. పెరడంతా తన కాళ్ళనే తను వెతుక్కున్నాడు మహానుభావుడు. అప్పట్నుంచీ వట్టి కాళ్ళతోనే వేటకి వెళ్ళేవాడు.

ఆ వట్టి కాళ్ళకి నచ్చిన చోటు కొల్లేటి అంచున పాత పడవల రేవు. వంతెనలు లేని రోజుల్లో జనం అక్కడ పడవెక్కి పెద్దింట్లమ్మ దర్శనానికి వెళ్ళేవారు. ఇప్పుడు పడవలు లేవు గానీ రాతి మెట్లు మిగిలాయి. దారిన పోయేవాళ్ళు ఇప్పటికీ ఆగి, కాళ్ళు కడుక్కుని, "తల్లీ గంగమ్మా" అని ఒక నాణెం నీళ్ళలోకి విసిరి పోతుంటారు. ఎండాకాలం నీళ్ళు వెనక్కి తగ్గి బురద బీటలు వారగానే మామయ్య అక్కడ దిగుతాడు. తోడు నేను. కైకలూరులో నాకున్న రొయ్యల మేత కొట్టుకి అప్పుడు బేరాలు తక్కువ. మోటారుసైకిలు మీద ఆ కర్రని పట్టుకుని వెనకాల కూర్చునే ఓపిక మామయ్యకి ఎక్కువ.

మొదటి ఏడు బాగానే దొరికాయి. అణాలు, అర్ధణాలు, చిల్లు కానీలు, ఆవగింజంత మెరుపు కూడా లేని పైసలు. తీసిన చోటల్లా రూపాయి పెట్టి, మట్టి కప్పి, అరచేత్తో రెండుసార్లు తట్టేవాడు. చంటిపిల్లని పడుకోబెట్టినట్టు.

"ఎందుకు మామయ్యా ఇది?" అని అడిగితే ఒక్కోసారి ఒక్కోటి చెప్పేవాడు. "గొయ్యి చిన్నబుచ్చుకుంటుంది రా" అనేవాడు. "జేబు బరువుగా ఉంది రా" అనేవాడు. గట్టిగా నిలదీస్తే హెడ్‌ఫోన్లు పెట్టుకునేవాడు.

రెండో ఏడు వచ్చేసరికి అసలు తమాషా మొదలైంది. మిషన్ పెట్టిన చోటల్లా కూత. ఆయాసపడుతూ తవ్వితే మిలమిలలాడే కొత్త రూపాయి.

"ఇది మీరు నిరుడు పెట్టిందే కదండీ!"

"అవున్రా, నాదే."

"అయితే తీసి జేబులో వేసుకోండి."

"వేసుకుంటే గొయ్యి ఖాళీ అవదూ?"

"పోనీ అలాగే కప్పెట్టేయండి."

మామయ్య ఆలోచించాడు. ఆ రూపాయి తుడిచి జేబులో వేసుకున్నాడు. అదే జేబులోంచి ఇంకో రూపాయి తీసి గోతిలో పెట్టి తట్టాడు. నేను మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి చూశాను, నాకు మతి పోయింది.

రేవు పక్కన రోడ్డు మీద శేషారత్నం గారి టీ కొట్టు. ఆవిడ మామయ్యని చూసినప్పుడల్లా లేచి నిలబడేది, ఎవరికీ వెయ్యనంత పాలు వేసి టీ ఇచ్చేది, ఒక గారె కొసరు వేసేది. మామయ్య అది తన మంచితనం మహిమ అనుకునేవాడు. కాదని నాకు తెలుసు. ఒకరోజు నన్ను పక్కకి పిలిచి, "బాబూ, అయ్యగారు కొల్లేటి హద్దు కొలుత్తున్నారు కదండీ. హద్దులో పడితే మా కొట్టు పీకేత్తారంట, కాస్త ఇటు జరిపించండి" అంది. చేతిలో కర్ర, చెవిలో యంత్రం, అడుగడుక్కీ వంగి నేల చూడడం. సర్కారు సర్వే మనిషి కాక ఇంకెవరనుకుంటుంది పాపం! నిజం చెబితే గారె పోతుందని నేను చెప్పలేదు.

మూడో ఏడు మామయ్య దశ తిరిగింది. తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీ వాళ్ళు పాత వస్తువుల ప్రదర్శన పెడుతూ, మామయ్య నాణేలు కూడా తెమ్మన్నారు. మనిషి నేల మీద నిలబడితే ఒట్టు. "కొల్లేటి రేవు నాణేలు, సేకరణ పాండురంగారావు" అని ఫ్లెక్సీ వేయించాడు. చొక్కా ఇస్త్రీ చేయించి, నలిగిపోతుందని తొడుక్కోకుండా హ్యాంగరుకి తగిలించి చూసుకునేవాడు. ప్రదర్శన ముందు రోజు చివరి తిరుగుడు తిరుగుదామని రేవుకి బయల్దేరదీశాడు. సంబరం పట్టలేక నాణేలున్న బిస్కెట్ల డబ్బా కూడా చంకన పెట్టుకొచ్చాడు.

వెళ్ళేసరికి శేషారత్నం గారు కొట్టు సగం మూసి, సంచి పట్టుకుని ఏలూరు బస్సు కోసం నిలబడి ఉంది. ఆవిడ కూతురు ప్రసన్నకి నెలలు నిండుతున్నాయి. పొద్దున్న బీపీ ఎక్కువైందని ఏలూరు ఆసుపత్రిలో చేర్చారట. సాయంత్రం ఆపరేషన్ చేసి బిడ్డని తీస్తామన్నారట.

"ఏం భయం లేదమ్మా, ఈరోజుల్లో అందరికీ చేస్తున్నదే" అన్నాడు మామయ్య. ఆవిడ మనసు మళ్ళిద్దామని డబ్బా మూత తీసి చూపించాడు. "ఇదిగో, ఇవన్నీ మీ రేవులోవే. నేను తవ్వి తీసినవే."

"ఈ రేవులోనా అండీ?"

"ఆయ్."

"అంటే మీరు హద్దులు కొలవట్లేదా అండీ?"

"హద్దులేంటమ్మా?"

ఆవిడ సంచి కింద పెట్టేసింది. డబ్బాలోకి చూసింది, మెట్ల వైపు చూసింది. "మొక్కులు తవ్వేశారా బాబుగారూ!" అంది. గొంతులో కోపం లేదు, భయం ఉంది. "కార్తీకంలో నా పిల్లకి నెల తప్పిందని తెలిసిన రోజున ఆ కింది మెట్టు మీద నిలబడి బిళ్ళ వేశానండి. తల్లీ బిడ్డా క్షేమంగా బయటపడాలని. అది కూడా తవ్వేశారా అండీ?"

"ఏ బిళ్ళమ్మా?"

"పదిరూపాయల బిళ్ళండి." అంత బాధలోనూ ఆవిడ కొంచెం సిగ్గుపడింది. "బజార్లో ఎవరూ పుచ్చుకోట్లేదండి. అమ్మవారైతే కాదనదు కదా అని..."

నేను డబ్బా కదిపి చూశాను. పైన పాత కాలం పైసలు, అడుగున పదిరూపాయల బిళ్ళలు గుప్పెళ్ళకొద్దీ. చుట్టుపక్కల కొట్లలో చెల్లని బిళ్ళలన్నీ గంగమ్మ ఖాతాలోకే పోతున్నాయన్నమాట.

ఆవిడ మెట్టు మీద కూలబడింది. "నా బిళ్ళ మళ్ళీ అమ్మ ఒళ్ళోకి వెళ్ళేదాకా నేను బస్సెక్కనండి."

అంతలో ఫోను మోగింది. ప్రసన్న ఏడుస్తోంది. ఆ గొంతు మా దాకా వినిపించింది. "అమ్మా, ఎక్కడున్నావే? నువ్వొచ్చేదాకా నేను లోపలికి వెళ్ళనని డాక్టరమ్మకి చెప్పేశాను."

కూతురు అక్కడ కదలదు, తల్లి ఇక్కడ కదలదు. బస్సు వచ్చే వేళైంది.

అప్పుడు మామయ్య ఆవిడ ముందు గొంతుక్కూర్చుని మెల్లగా చెప్పాడు. "నేను మొక్కు తియ్యలేదమ్మా. బిళ్ళ తీసిన చోటల్లా ఇంకో బిళ్ళ పెట్టాను. ఎవరు ఏం కోరుకుని వేశారో నాకేం తెలుసు? ఆ చోటు ఖాళీ కాకూడదని ప్రతిసారీ పెట్టాను. కావాలంటే మావాణ్ణి అడుగు."

మూడేళ్ళు వెనకాల తిరిగి, తిట్టుకుని, ఊరంతా చెప్పి నవ్వించానే, ఈ ముక్క ఒక్కసారైనా నాకు తట్టిందా!

శేషారత్నం గారు కళ్ళు తుడుచుకుంది. "ఏం పెట్టారండీ?"

"రూపాయమ్మా."

"నేను పది వేశానండి!"

మామయ్య మొహం చూడాలి. పాపం, మూడేళ్ళ నుంచీ అణాకీ రూపాయే, పదికీ రూపాయే. ఆ లెక్క ఆయనకి ఇప్పటిదాకా తోచనే లేదు. "నిజమేనమ్మా, తప్పే" అన్నాడు.

నేను ఆయన చెవిలో గొణిగాను. "ఏదో ఒక బిళ్ళ తీసి ఇదే నీదని చెప్పెయ్యండి మామయ్యా. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. బస్సొచ్చేస్తోంది."

"చెబితే ఆవిడ ఎక్కుతుంది రా. నేను రాత్రికి పడుకోవద్దూ?" అని లేచాడు. డబ్బా తీసుకుని కింది మెట్టు దగ్గరికి నడిచాడు. "వీటిలో నీది ఉందమ్మా, ఏదో తెలీదు. అన్నీ పెట్టేద్దాం. నీది ఎక్కడికీ పోదు."

ముగ్గురం చేతులతోనే తవ్వాం. పదిరూపాయల బిళ్ళలన్నీ అయిపోయాక మామయ్య ఆగలేదు. అర్ధణాలు వేశాడు, పైసలు వేశాడు. చివరికి ఆయన ప్రాణమైన చిల్లు కానీ తీశాడు. నేను చెయ్యి పట్టుకున్నాను.

"మామయ్యా, అది వేసినావిడ ఎప్పుడో పోయుంటుంది."

"పోతే పోయింది. ఏం అడిగిందో ఏమో. ఎవరి కోసం అడిగిందో."

"రేపు కాలేజీలో ఏం చూపిస్తారండీ?"

"మిషన్ చూపిస్తాను. కూస్తుంది కదా."

చిల్లు కానీ కూడా వేసి, మట్టి కప్పి, అరచేత్తో రెండుసార్లు తట్టాడు. శేషారత్నం గారు కూడా తట్టింది, దణ్ణం పెట్టుకుంది, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని పరిగెత్తి బస్సెక్కింది. కిటికీలోంచి, "గారెలు కొట్లో మూత కింద ఉన్నాయండీ, తినెయ్యండి!" అని అరిచింది. సర్వే మనిషి కాదని తెలిశాక కూడా గారె దక్కినందుకు మామయ్య చాలా పొంగిపోయాడు.

గారెలు తింటూ అడిగాను. "మీకు నిజంగా ఈ మొక్కుల మీద నమ్మకం ఉందా మామయ్యా?"

"నాకు లేదురా."

"మరి ఇదంతా ఏంటండీ?"

"వేసినావిడకి ఉంది కదా. మనం సరదాకి తవ్వుకుంటున్నాం. వాళ్ళు సరదాకి వెయ్యలేదు." అని ఇంకో గారె తీసుకున్నాడు. ఆయన మీద ఇంత ప్రేమ నాకు అంతకుముందెప్పుడూ కలగలేదు. చట్నీ ఆయన వైపు జరిపాను.

చీకటి పడేలోపే ఫోనొచ్చింది. ఆడపిల్ల, తల్లీ బిడ్డా కులాసా. మర్నాడు కాలేజీలో మామయ్య ఫ్లెక్సీ కింద ఖాళీ బల్ల వేసుకుని, వచ్చిన ప్రతి ఒక్కరి చెప్పుల దగ్గరా మిషన్ పెట్టి కూయించాడు. అందరికంటే ఆ బల్ల దగ్గరే జనం ఎక్కువ.

ఈ ఏడు ఎండల్లో మళ్ళీ వెళ్ళాం. కింది మెట్టు దగ్గర పెట్టగానే మిషన్ ఆపకుండా గోల పెట్టింది. మామయ్య హెడ్‌ఫోన్లు తీసేసి, "ఇక్కడ మనకి పన్లేదు రా" అని కొట్టు వైపు నడిచాడు. కొట్టు మీద కొత్త అట్ట వేలాడుతోంది, "పదిరూపాయల బిళ్ళలు తీసుకుంటాం" అని. శేషారత్నం గారి చంకలో మనవరాలు. మామయ్య చేతిలో కర్ర చూసి ఆ పిల్ల చెయ్యి చాపింది. దగ్గరికి జరపగానే మిషన్ కుయ్యిమంది. పిల్లకి వెండి మొలతాడు.

"దొరికింది రా అల్లుడూ!" అన్నాడు మామయ్య. అలవాటు ప్రకారం చెయ్యి జేబులోకి పోయింది. రూపాయి తీసి పిల్ల గుప్పిట్లో పెట్టి, గుప్పిటి మూసి రెండుసార్లు తట్టాడు.

పిల్ల నోట్లో పెట్టుకోబోతే శేషారత్నం గారు లాక్కుని, ఆ బిళ్ళని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"మళ్ళీ రూపాయేనా అండీ?" అంది.

మామయ్య పదిరూపాయల బిళ్ళ కోసం జేబులన్నీ తడుముకున్నాడు.