మార్ఫిన్ మాత్రల సంచి

పోయిన వేసవిలో కాకినాడ నుంచి అమలాపురం వచ్చే బస్సులో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చున్నారు. ఒళ్ళోని సంచిని రెండు చేతులతో పట్టుకుని ఉన్నారు. పైన పెట్టమంటారా అని అడిగాను.

"వద్దండి. మా ఆయన మాత్రలున్నాయండి ఇందులో. క్యాన్సర్ నొప్పికిచ్చే మార్ఫినండి. మామూలు మందుల షాపుల్లో అమ్మకూడదంట. అనుమతున్న ఆస్పత్రిలోనే ఇస్తారండి, అదీ రెండు వారాలకే."

"అంత నొప్పిలో ఉన్న మనిషికి కూడా ఇన్ని రూల్సా అండీ? మీకెంత తిరుగుడు," అన్నాను.

"తిరుగుడేనండి. మొదట్లో నేనూ తిట్టుకున్నాను. కానీ వెళ్ళిన ప్రతిసారీ డాక్టరమ్మగారు ఆయన నిద్రపోతున్నారా, ఏం తింటున్నారు అని అడుగుతారండి. నువ్వు తిన్నావా అని నన్నూ అడుగుతారు. ఇంకెవరడుగుతారండి?"

"ఇప్పుడెలా ఉన్నారండి ఆయన?" అన్నాను.

ఆవిడ నావైపు తిరిగి నవ్వారు. "ఆయ్, నొప్పి బాగా తగ్గిందండి. నిన్న చేపల పులుసు కావాలని అడిగేరు."

ముమ్మిడివరంలో దిగిపోయారు. బస్సు కదులుతుంటే కిటికీలోంచి చూశాను. సంచి చంకలో ఇరికించుకుని, చేపల బుట్ట ముందు వంగి, ఒక్కో చేప మొప్ప ఎత్తి చూస్తున్నారు. ఏదీ ఒక పట్టాన నచ్చడం లేదు ఆవిడకి.