మడకశిర గొర్రెల వెనక ఒక జపనీస్ క్రియ

మంజుల మీద అసూయతోనే ఈ ప్రయాణం కట్టాను, దాచేదేముంది. బెంగళూరులో ఇద్దరం మూడేళ్ళుగా జపనీస్ నేర్చుకుంటున్నాం. పై స్థాయి పరీక్ష తను మొదటిసారే గట్టెక్కింది, నేను రెండుసార్లు తప్పాను. ఇప్పుడు మా శిక్షణ కేంద్రంలో ఒక టీచర్ ఉద్యోగానికి ఇద్దరమే మిగిలాం. సోమవారం చెరొక పాఠం చెప్పి చూపించాలి. ఇద్దరికీ ఇచ్చిన క్రియ ఒకటే, "ఇతవరు". దాన్ని జాలిపడటం అని రాస్తే మా గురువుగారు ఎర్రసిరాతో కొట్టేశారు. మంజుల మాత్రం "మా ఊరికి రా, చూపిస్తా" అంది. తను శనివారమే ఊరికి వెళ్ళిపోయింది, దాని గొప్పేమిటో చూద్దామని ఆదివారం నేనూ బయల్దేరాను.

పొద్దున్నే రైల్లో హిందూపురం చేరి, ఎనిమిదిన్నర బస్సెక్కితే మడకశిరకు గంట పైనే పట్టింది. టికెట్ అరవై రూపాయలు, అక్కడి నుంచి వాళ్ళ ఊరికి షేర్ ఆటోకు ఇరవై. "యాడికి పోవల్లమ్మా?" అన్నాడు డ్రైవర్. మంజుల పేరు చెప్పగానే, "జపాన్ పాపా? ఇంటి ముందరే దింపుతా" అన్నాడు. మా వీధి పాలవాడికి నా పేరే తెలియదు.

మంజుల నాయన గొర్రెల్ని తోలుకుని బయల్దేరుతుంటే మేమూ వెనక నడిచాం. మందలో ఒకటి కుంటుతోంది. ఆయన దాని వంక చూడనైనా లేదు. ముందుకెళ్ళి, అన్నిటికంటే ముందున్న పొట్టేలుకు కర్ర అడ్డం పెట్టి నిలబడ్డారు. మంద ఆగి మేతలో పడింది. కుంటిది వచ్చి కలిశాకే కదిలారు. గంటలో నాలుగైదు సార్లు ఇదే పని.

"దాన్ని ఎత్తుకోవచ్చు కదా, బాబాయ్ గారూ?" అన్నాను.

"ఎత్తుకుంటే బెదురుతాదమ్మా. ముందరివాటిని నిలబెడితే సాలు, దాని పాటికి అదే వస్తాది."

మంజుల నా వైపు తిరిగింది. "ఇతవరు అంటే ఇదే. అలిసినోళ్ళకు, ముసలోళ్ళకు కష్టం కాకుండా చూసుకునేది. ఒంట్లో బాగాలేకుంటే మన ఒంటినీ ఇతవరు చేసుకోమంటారు కదా. జాలి మనసులో ఉంటే సాలు, దీనికి ఏమన్నా చేయల్ల."

నాకు కడుపు మండిపోయింది. నేను మూడు నిఘంటువులు తిరగేసినా దొరకనిది దీనికి ఇంట్లోనే దొరికింది.

మధ్యాహ్నం సంగటి, చెనిక్కాయల ఊరిబిండి అనే వేరుశెనగ పచ్చడి తిని బస్టాండుకు వచ్చాం. బస్సు కదలబోతుంటే మంజుల కిటికీ దగ్గరికొచ్చి, "రేపు గొర్రెల సంగతి నువ్వు చెప్పు. నేను ఇంకోటి చూసుకుంటా" అంది. వద్దనలేకపోయాను.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: సాయంత్రం రైలు అందుకోవాలంటే మూడింటికల్లా మడకశిరలో బస్సెక్కండి. ఇక నా సంగతంటారా, సోమవారం గొర్రెల గురించే చెప్పాను. ఉద్యోగం నాకే ఇచ్చారు. అందరికంటే ముందు మంజులే చప్పట్లు కొట్టింది. నేను గెలవలేదని నాకు తెలుసు, తనకూ తెలుసు. తను ఇంతవరకూ ఆ మాట ఎత్తలేదు, అదే నాకు మరీ మంట.