ముళ్ళపువ్వు పెట్టిన కుర్చీ

డ్రమ్‌గార్త్ కోట చూడటానికి వచ్చేవాళ్ళలో సగం మంది దొంగలనీ, మిగతా సగానికి ఇంకా వీలు చిక్కలేదనీ ఎఫీ డర్వర్డ్ నమ్మకం. పెళ్ళీ పెటాకులూ లేకుండా ఊళ్ళో బట్టల దుకాణంలో కౌంటరు వెనకే ఆయుష్షంతా గడిపిన మనిషి. చేతిగుడ్డలు జనం కోటు జేబుల్లోకి ఎలా జారుకుంటాయో చూసి చూసి, మొహాలు వదిలేసి చేతులు చూడటం అలవాటైపోయింది. దుకాణం మూతపడ్డాక ఆ కళ్ళను ఇంట్లో ఊరికే పడేయడం ఇష్టం లేక కోటలో గది కాపలాకు చేరింది. జీతం లేదు. మెడలో పేరు రాసిన బిళ్ళ, మధ్యాహ్నం ఒక గిన్నెడు బార్లీ సూప్, అంతే.

ఆమెకు అప్పగించింది మేడ మీది పెద్ద గది. అందులో కిటికీ పక్కన, ఎప్పటివాళ్ళో పట్టుదారంతో కుట్టుపని చేసిన కుర్చీ ఒకటి ఉంది. కూర్చోవద్దని బోర్డు పెట్టడం ఆ కోటవాళ్ళకు నామోషీ. కుర్చీ మీద ఎండిన థిసిల్ ముళ్ళపువ్వు ఒకటి పెడతారు. బుద్ధున్నవాడెవడూ దాని మీద కూర్చోడు కదా.

ఆగస్టులో ఒక గురువారం ఎఫీ సూప్ తాగి పైకి వచ్చేసరికి పువ్వు కాడ గోడవైపు తిరిగి ఉంది. పొద్దున ఆమె దాన్ని కిటికీవైపు పెట్టింది. ఎవరో తీసి, కూర్చుని, మళ్ళీ పెట్టారు. 

ఆ కాసేపూ గది చూసుకున్నది పక్క గది కాపలా మనిషి విల్మా క్రైటన్. ఎవరూ రాలేదే అంది విల్మా. ఎఫీ నమ్మలేదు. విల్మాను అనుమానించి కాదు, విల్మా వట్టి మెతక మనిషి, ఎవడైనా వాతావరణం గురించి రెండు ముక్కలు మాట్లాడితే చాలు, అటు తిరిగిపోతుందని. కోటలో ఎఫీతో కబుర్లాడేది ఆమె ఒక్కతే. పొద్దున తన బుల్లి కారులో తీసుకొచ్చి సాయంత్రం దింపేదీ ఆమే. మొగుడు పోయాక విల్మాకు కోట తప్ప వేరే కాలక్షేపం లేదు, విల్మా తప్ప ఎఫీకి వేరే మనిషి లేదు.

అనుమానమంతా పర్డీ మీదికి పోయింది. ఆకుపచ్చ కోటు వేసుకుని గురువారం గురువారం వచ్చే పెద్దమనిషి. ఒకే గది ఇన్నిసార్లు చూసేవాడికి ఏం పని ఉంటుంది? ఎఫీ అతని వెనకే గది గదికీ నడిచింది. అతను గొడుగు చేయి మార్చుకుంటే నిలబడిపోయింది. పర్డీ పాపం టోపీ తీసి నమస్కరించాడు. అది మరీ అనుమానంగా తోచింది.

మేనేజరు స్ట్రూవన్‌కు చెప్పింది. అతనికి ఎఫీ ఫిర్యాదులు కొత్త కాదు. కాపలావాళ్ళు కుర్చీల్లో కునుకు తీస్తున్నారని వసంతకాలంలో ఆమె చెప్పబట్టే వాళ్ళకున్న మడత కుర్చీలన్నీ అతను తీయించేశాడు. కోట కుర్చీల మీద ఎవరైనా కూర్చున్నట్టు తెలిస్తే, బయటివాళ్ళయినా లోపలివాళ్ళయినా, ఇక గడప తొక్కనివ్వనని ఇప్పుడు అందరికీ గట్టిగా చెప్పాడు.

మరుసటి గురువారం ఎఫీ తోట గట్టున పచ్చి థిసిల్ ముళ్ళాకులు కోసుకొచ్చింది. కుట్టుపనికి తగలకుండా, కుర్చీ వీపు కింద సందులో వాటిని దూర్చింది. నడుం ఆనించినవాడికే గుచ్చుకుంటుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, విల్మాకు కూడా. రహస్యం ఇద్దరికి తెలిస్తే అది రహస్యం కాదని ఆమె లెక్క. తర్వాత నిశ్చింతగా సూప్ తాగడానికి దిగింది. తిరిగి వచ్చేసరికి ఆకులు నలిగి ఉన్నాయి. ఎఫీకి చెప్పలేనంత ఆనందమైంది. కానీ గేటు దగ్గర వాకబు చేస్తే ఆరోజు పర్డీ రానే లేదన్నారు.

కోట మూశాక కాపలావాళ్ళంతా పాత వంటింట్లో టీ తాగడం మామూలు. స్ట్రూవన్ షార్ట్‌బ్రెడ్ బిస్కెట్ల పళ్ళెం అందిస్తున్నాడు. అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. విల్మా మాత్రం కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది, ఒక చేయి నడుం వెనక పెట్టుకుని.

దుకాణంలో అన్నేళ్ళూ దొంగల మీద అరిచిన నోరు ఆలోచన కంటే ముందే తెరుచుకుంది.

"విల్మా, నువ్వు కూర్చోవేం?"

మాట బయటికి వచ్చాక గానీ ఎఫీకి తనేం అడిగిందో తెలియలేదు. వెనక్కి తీసుకోవడానికి లేదు. విల్మా కప్పు బల్ల మీద పెట్టింది.

"కూర్చున్నది నేనే, స్ట్రూవన్. తుంటి పట్టేస్తోంది. చెబితే ఇంటికి పొమ్మంటారని చెప్పలేదు," అంది.

స్ట్రూవన్ మొహం ఎర్రబడింది. మర్యాదగానే బిళ్ళ ఇమ్మని అడిగాడు. అందరి ముందూ అన్న మాట మరి. విల్మా బిళ్ళ తీసి ఇచ్చి, కారు తాళాలు అందుకుని, ఎఫీ వైపు చూడకుండా వెళ్ళిపోయింది. ఎఫీ బస్సులో ఇంటికి పోయింది.

ఆదివారం దాకా ఆగుదామనుకుంది గానీ ఆగలేకపోయింది. అల్లం కేకు కొనుక్కుని విల్మా ఇంటి తలుపు తట్టింది. విల్మా చేతికర్రతో వచ్చి తీసింది. ఆ కర్ర ఎఫీ ఎప్పుడూ చూడలేదు. ఎఫీ క్షమించమంది. గుంట తవ్వింది పర్డీ కోసమే అంది. నువ్వని తెలిస్తే నోరు కుట్టేసుకునేదాన్నంది. చెబుతుంటే ఏడుపొచ్చింది కూడా.

"నీ పక్కనే కదటే నడిచాను ఇన్నేళ్ళూ," అంది విల్మా. "లోకంలో అందరి చేతులూ చూశావు. నేనెలా నడుస్తున్నానో ఒక్కసారి చూళ్ళేదు."

 విల్మా ఆమెను పైనుంచి కిందికి చూసి, కేకు అందుకుని, లోపలికి రమ్మంది. పొయ్యి దగ్గరున్న మెత్తటి కుర్చీ చూపించింది.

"కూర్చో. టీ పెడతా."

ఎఫీ కుర్చీ దగ్గరికి వెళ్ళింది. కూర్చోబోతూ ఆమె చేయి దానంతటదే ముందుకు పోయి, కుర్చీ వీపు కింద సందు తడిమింది. తల ఎత్తేసరికి విల్మా చూస్తోంది.